నీలి బాన ఎట్ల సచ్చిందో అడగబోయిన

ఫిల్మ్‌నగర్ పోయొచ్చిన అంటె మా వాడకట్టు ఆడోళ్ళు మొదలడిగేది ఒక్కటే. ఏ హీరోను చూసినవ్ సత్తెమ్మా అని. ఏ హీరోను చూడలే. మూడు దినాలున్న, పోస్టర్ల మీద తప్ప ఒక్కని మొఖం కనవడలే. నేను చూసింది వేరే. నాకు రాసుడు రాదు, సంతకం వరకే వస్తది. నేను చెప్తుంటె మా అంగన్‌వాడీ టీచర్ రమ రాస్తున్నది. మంచిగ మార్చి రాయకు పిల్లా, నేనన్నది అన్నట్టె రాయి అని ముందే చెప్పిన.

మాది నల్లగొండ దిక్కు మగ్గాల ఊరు. మా ఇంట్ల నీలి అద్దకం. ఇంటెనక కొట్టంల ఒక బాన ఉంటది. నడుము లోతు మట్టి బాన, మెడ దాక భూమిల పాతి ఉంటది. అండ్ల నీలిమందు బిళ్ళలు, సున్నం తేట, తగిరిస గింజలు ఉడకవెట్టిన నీళ్ళు పోస్తె పులుస్తది. పులిసిన బానను మేము బతికున్న బాన అంటం. పైన రాగి రంగు మీగడ కడతది, లోపల నీళ్ళు పసుపు పచ్చగ ఉంటయి. నూలు ముంచి తీస్తె పచ్చగ వస్తది, గాలి తగిలినంక కండ్ల ముందట్నే నీలం తిరుగుతది. బాన సచ్చిందనుకో, పొద్దందాక ముంచినా నూలుకు రంగు వట్టది.

ఆ కొట్టంల ఆడోళ్ళు కాలు వెట్టొద్దు. ఆడదాని నీడ పడితె బాన అలుగుతదంటరు. ముప్పై ఏండ్లు గింజలు ఉడకవెట్టింది నేనే, కట్టెలు తెచ్చింది నేనే. గిన్నె గడప బయట పెట్టి పక్కకు జరగాలె. మా ఆయన యాదగిరి వచ్చి లోపలికి తీసుకపోయి తలుపు వెట్టుకునేటోడు.

పోయిన చలికాలం ఆయన గుండెనొప్పి వచ్చి సచ్చిపోయిండు. నా మరిది నర్సింహ బొంబాయి దిక్కు భీవండిల మగ్గం పనిల ఉండె. వచ్చిండు, కర్మ చేసిండు, మళ్ళ పోయిండు. ఇగ బానకు నీళ్ళు పోసేటోడు ఎవడు? నేనే గడప దాటిన. ఆయన చెప్పినట్టె గింజల నీళ్ళు పోసిన, సున్నం పోసిన, పొద్దుకొకసారి కలిపిన, చలికి గోనెసంచులు కప్పిన. నెల తిరగకముందె బాన సచ్చింది.

ముండమోసింది తొక్కింది, బాన సచ్చింది. ఊరంత ఇదే మాట. నర్సింహ భీవండి ఇడిసిపెట్టి వచ్చిండు. కులపెద్దలు కొట్టానికి తాళం వేసిన్రు. దసరా దాక చూసి కొట్టం నర్సింహకు ఇస్తమన్నరు. నాకు భూమి లేదు, మగ్గం లేదు. ఉన్నదంత ఆ కొట్టమే. అది పోతె ఇంటింటికి పోయి కూలికి నూలు కండెలు చుట్టాలె.

మా నూలుతోటి నేసిన నీలం గుడ్డలు కొనేది ఫిల్మ్‌నగర్ల సినిమా బట్టలు కుట్టిచ్చే శ్రావణి మేడం. గుడ్డ ఎందుకు రాలే అని ఫోన్ చేసింది. సంగతి చెప్పిన. "అదంతా నాన్సెన్స్ ఆంటీ. నాకు కాలేజీలో చదువు చెప్పిన కెమిస్ట్రీ మేడం జూబ్లీహిల్స్‌లో ఉన్నారు. రంగుల మీదే ఆవిడ పరిశోధన. ఆ నీళ్ళు తీసుకురండి, ఎందుకు పోయిందో చూసి కాగితం రాసిస్తారు" అన్నది. మా పెద్దమనుషులు నోటిమాట వినరు గని ముద్ర ఉన్న కాయిదం అంటె లేచి నిలవడతరు. పోవుడే అనుకున్న.

రెండు సీసలు పట్టుకపోయిన. ఒకటి సచ్చిన బాన నీళ్ళు, తాళం వెయ్యకముందె తీసి పెట్టుకున్నయి. రెండోది తోడు సీస. పెరుగుకు తోడున్నట్టె బానకు తోడుంటది. బాన బాగున్నప్పుడు తీసి, సీస మూతి దాక నింపి, లక్కతోటి మూసి పెడతరు. ఎన్నడన్న బాన పోతె తోడు పోసి లేపుతరు. మా ఆయన సచ్చే నెల ముందు నింపిండు. లక్క మీద ఆయన బొటనేలు గుర్తు ఉండె. నేను దాన్ని బియ్యం డబ్బల దాచిన. పోసి లేపుదామనుకునేలోపట్నే కొట్టానికి తాళం పడ్డది. దాని మూత ఒకసారి తీసి గాలి సోకితె ఇగ తోడుకు పనికిరాదు.

మొదటి దినం: పాత బట్టలు చేసే కాడ

ఫిల్మ్‌నగర్ అంత గుట్టలు, బండలు. బండ కింద రేకుల ఇండ్లు, బండ మీద బంగ్లలు. కింది ఇంటామె బట్టలు ఆరేసిన తాడు, పై ఇంటి గోడకే కట్టి ఉన్నది. ఛాయ ముప్పై రూపాయలు. మా ఊర్ల పది. ఇత్తనమంత కప్పుల పోసిండు. ఇంతేనా బాబూ అంటె, "ఇది స్పెషల్ అమ్మా" అన్నడు. ఏం స్పెషలో తాగేలోపట అయిపోయింది.

శ్రావణి మేడం కార్ఖానా ఒక గల్లీల రెండంతస్తుల మీద. పదిమంది మిషన్ల మీద కుడుతున్నరు. ఒక మూలకు ఇద్దరు కూసోని కొత్త చీరలు బండరాయితోటి రుద్దుతున్నరు. ఇంకోడు పెద్ద గంజుల ఛాయ మరగబెట్టి అండ్ల తెల్ల ధోవతులు ముంచుతున్నడు.

"ఏంది భాయ్, గిదేం పని?" అని అడిగిన.

అక్కడ మాస్టర్ ఖాదర్ భాయ్. మా ఆయనకు దోస్తు. మా ఆయన ఏడాదికి రెండుసార్లు గుడ్డ పట్టుకొచ్చి వీళ్ళ కార్ఖానల్నే పండుకునేటోడు. "పేదోళ్ళ బట్టలు చేస్తున్నం వదినా" అన్నడు. "సినిమాల కరువు సీను ఉన్నది. కొత్త బట్ట కెమెరాకు కొత్తగనే కనవడతది. రాయితోటి రుద్దాలె, ఛాయల ముంచాలె, చెమట మరకకు నూనె పూయాలె. చీరకు నాలుగు దినాలు పడతది."

"మాకు పైసల్లేకుంటనే అయితది గదా" అన్న. మిషన్ల మీద ఉన్నోళ్ళంత నవ్విన్రు.

శ్రావణి మేడం వచ్చింది. ముప్పై ఏండ్ల పిల్ల, ముక్కుకు రింగు. నన్ను పట్టుకోని "ఆంటీ, యాదగిరి గారు ఎంత మంచి మనిషండీ" అన్నది. కండ్లల్ల నీళ్ళు సుత తిరిగినయి. మంచిదే అనుకున్న. ఇంతల ఆమె చూపు నా చీర మీద పడ్డది. కొంగు పట్టి రెండు వేళ్ళతోటి నలిపి చూసింది. "ఆంటీ, ఇది ఎన్నేళ్ళ చీర? ఈ వెలిసిపోవడం చూడండి ఖాదర్, ఇది మనం ఎంత రుద్దినా రాదు. ఆంటీ, ఇస్తారా? మా సినిమాలో ఒక విడో క్యారెక్టర్ ఉంది. మీకు కొత్త చీర కొనిస్తాను, పైన రెండువేలు ఇస్తాను."

ఆ పిల్ల మంచితనంగనే అడిగింది. గందుకే నాకు ఎక్కువ మండింది. "బిడ్డా, దీన్ని వెలిసేటట్టు చేసింది నా చెమట. అది సుత అమ్మాల్నా?" అన్న. ఆమె మొఖం చిన్నబోయింది. "సారీ ఆంటీ" అన్నది. మళ్ళ పొయ్యేటప్పుడు ఫోన్ల చీరను ఫోటో తీసుకుంది. అడిగే తీసుకుంది లే.

మాపు: బోరబండ

పండుకునుడు ఖాదర్ భాయ్ ఇంట్ల. బోరబండల గుట్ట ఎక్కాలె, మెట్లు ఎక్కి ఎక్కి మోకాళ్ళు పట్టుకున్నయి. ఆయన భార్య రజియా. నిలువునా నన్ను చూసింది. "చేతులు ఖాళీగున్నయి ఏంది వదినా?" అన్నది.

"ఆయన పోయిండు గదా. పదో దినం గాజులు పగలగొట్టిన్రు."

"ఎవలు?"

"నా ఆడబిడ్డలే."

రజియా పప్పు గిన్నె దించుకుంట అన్నది. "నా మొదటాయన సుత పోయిండు వదినా, బండి కింద పడి. నాలుగు నెలల పది దినాలు ఇంట్ల కూసున్న. బయటికి పోలే, మంచి బట్ట కట్టలే. అయిపోయింది. ఆ తెల్లారే మా అమ్మనే గాజులు తెచ్చి తొడిగింది. రెండేండ్లకు ఈయనతోటి నిఖా." చేతులెత్తి చూపిచ్చింది, ఆకుపచ్చ గాజులు, మోచేతుల దాక.

లెక్క ఉండుడు ఎంత మంచిగున్నది! నాలుగు నెలల పది దినాలు. మా కాడ లెక్క లేదు. ఎన్నడు అయిపోతదో ఎవలూ చెప్పరు.

ఖట్టీ దాల్ అని పుల్లటి పప్పు చేసింది. మా పచ్చిపులుసు అసొంటి పులుపే, గని పప్పు మెత్తగ, పైన ఎల్లిపాయ పోపు. రెండుసార్లు వడ్డించుకున్న. ఖాదర్ భాయ్ జర దూరం కూసోని అన్నడు, "యాదగిరి భాయ్ సుత రెండుసార్లు వేసుకునేటోడు."

రెండో దినం: జూబ్లీహిల్స్ గేటు

పొద్దుగాల జూబ్లీహిల్స్ పోయిన. ఆడ మనుషులు తక్కువ, కుక్కలు ఎక్కువ. ఒక్కొక్క కుక్కకు ఒక పనిమనిషి. ఒక దుకానం ముందట బోర్డు ఉంటె ఏందని ఆటో ఆయనను అడిగిన. కుక్కలకు స్నానం, కటింగు, పదిహేను వందలట. మా ఊర్ల పదిహేను వందలకు ఒక మనిషి రెండేండ్లు కటింగ్ చేయించుకోవచ్చు.

శ్రావణి మేడం చెప్పిన కెమిస్ట్రీ టీచరమ్మ ఇల్లు గేటు ఉన్న కాలనీ లోపల. వాచ్‌మన్ ఆపిండు. మాట చూస్తె పాలమూరోడు, మనోడే. అయినా యూనిఫాం వేసుకున్నంక మనోడు ఎట్లయితడు?

"సంచిల ఏమున్నది?"

"రంగు నీళ్ళు."

"ఏం రంగు? యాసిడా? ఈ నడుమ ఎవలెవలో వస్తున్నరు."

"యాసిడ్ మోసేదాని లెక్క కనవడుతున్ననా కొడుకా?"

"కొడుకు గిడుకు వద్దు. తీయ్."

తోడు సీస కొంగుల దాచుకోని, సచ్చిన బాన నీళ్ళ సీస ఇచ్చిన. మూత తీసి మూతి కాడ ముక్కు పెట్టిండు. పెట్టి ఎనుకకు ఎగిరిండు. "థూ! గిదేంది, సచ్చిన ఎలుక ఏసినవా?" సీస చెయ్యి జారి సగం నీళ్ళు వాని బూటు మీద పడ్డయి. తెల్ల బూటుకు నీలం మరక. "గిది పోతదా?" అని ఏడుపు మొఖం పెట్టిండు.

"పోదు" అన్న. సచ్చిన బాన మరక గంట నానబెడితె పోతది. చెప్పలే.

టీచరమ్మ గది

టీచరమ్మ పేరు వసుంధర. డెబ్బై ఏండ్లు ఉంటయి. పొట్టి జుట్టు, కండ్లద్దాలు, నూలు చీర. కాలేజీల కొలువు అయిపోయినంక కింద గదిల సొంతంగ సామాను పెట్టుకుంది. నన్ను సోఫాల కూసోబెట్టింది. తాను తినే ప్లేటు అసొంటి ప్లేట్లనే ఇడ్లీ పెట్టింది. పనామె వేరే గ్లాసు తెస్తుంటె, "ఇవే ఉన్నాయిగా" అని వాపస్ పంపింది. నేను గిది చూసిన. చెప్పాలని చెప్తున్న.

"మీరేం అనుకుంటున్నారమ్మా, బాన ఎందుకు పోయిందని?"

"నా కాలు పడ్డందుకు అంటున్నరు."

"వాళ్ళు కాదు, మీరు."

ఎవలూ నన్ను అడగలే ఆ మాట. "చలికి అనుకుంట. లేకుంటె నాకు కలుపుడు రాలేదేమో" అన్న.

ఆ గదిల నేను అనుకున్నట్టు పెద్ద మిషన్లు లేవు. అగ్గిపెట్టె కంటె జర పెద్దది ఒక డబ్బ, దాని తీగలు ఒక దిక్కు ల్యాప్‌టాప్‌కు, ఒక దిక్కు చిన్న గాజు గిన్నెకు. గిన్నెల మూడు సన్నటి కడ్డీలు నిలవెట్టింది. పెట్టకముందు ఒక కడ్డీ మొనను తెల్ల పొడి వేసిన గుడ్డ మీద గుండ్రంగ గుండ్రంగ రుద్దింది, కంసాలి ముక్కుపుడక మెరుగు పెట్టినట్టు. ఎంత సేపు రుద్దింది! నా పని తీరు తెలిసిన మనిషి అనుకున్న అప్పుడు.

"మీరు నూలు బానలోంచి తీసి గాలికి పడతారు కదా. పచ్చది నీలం అవుతుంది. అప్పుడు గాలి దాన్నుంచి ఒకటి లాక్కుంటుందమ్మా. ఎలక్ట్రాన్లు అంటాం, కంటికి కనపడవు. గాలికి ఓపిక ఉండదు, ఒక్కసారే లాగేస్తుంది. నేను ఈ కడ్డీతో కొంచెం కొంచెం బలం పెంచుతూ లాగుతాను. ఒక్కో పదార్థం ఒక్కో బలం దగ్గర వదులుతుంది. వదిలినప్పుడల్లా ఇక్కడ గీత గుట్టలా లేస్తుంది. ఆ గుట్ట ఎక్కడ లేచిందో చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది."

"మరి మూడు కడ్డీలెందుకు?"

"ఒకటి పని చేస్తుంది. ఒకటి కరెంటు వచ్చిపోయే దారి. మూడోది ఏ పనీ చెయ్యదు. ఎంత బలం పెట్టామో కొలుచుకోవడానికి ఊరికే నిలబడుతుంది."

"మా కులపెద్దల లెక్క" అన్న. టీచరమ్మ నవ్వి నవ్వి అద్దాలు తీసి తుడుచుకుంది.

మొదలు సచ్చిన బాన నీళ్ళు. సగమే మిగిలినయి, అయినా చారెడు చాలన్నది. ఒక గొట్టంతోటి వేరే గాలి బుడగలు పంపింది, మామూలు గాలిని తరిమేటందుకు. మేము గోనెసంచి కప్పేది చలికే గాదు, గందుకు సుత. ఆమె మీట నొక్కింది. ల్యాప్‌టాప్ మీద గీత నడిచింది. పోయింది, గుట్ట లేచింది, మళ్ళ ఎనుకకు వచ్చింది, కింద ఇంకో గుట్ట.

"ఇదిగో, ఇది మీ నీలిమందు. వదలమంటే వదిలింది, బలం వెనక్కి తిప్పితే మళ్ళీ తీసుకుంది. వెళ్ళింది, వచ్చింది. రంగు చావలేదమ్మా. నీలంగా మారి అడుగున కూర్చుంది. దాన్ని పచ్చగా మార్చేదే అందులో లేదు."

"నా కాలు?"

"మీరు అడుగు పెట్టినందుకు ఈ గీత మీద ఏ గుట్టా లేవదు. అది రాసిస్తాను."

నాకు నిలవడ్డ కాడ్నే ఒళ్ళు తేలికైంది. రాసియ్యి తల్లీ, పోతా అన్న. గని ఆమె గీతనే చూస్తున్నది. పెన్ను కొనతోటి ఒక కాడ చూపిచ్చింది. కొద్దిగ ఉబ్బు, చీమ కుట్టిన దద్దురంత. "ఇది వెళ్ళింది గానీ తిరిగి రాలేదు. ఇదేమిటో తెలియకుండా కాగితం మీద సంతకం పెట్టలేను. బాన బతికున్నప్పటి నీళ్ళు ఏమన్నా ఉన్నాయా?"

కొంగుల నుంచి తోడు సీస తీసిన. తీసినగని ఇయ్యబుద్ధి కాలే. ఆ సీస తీసుకపోయి బానల పోస్తె రేపు మళ్ళ బాన లేస్తదనే నా ఆశ. తెరిస్తె తోడు పోతది. తెరవకుంటె కాయిదం రాదు. కాయిదం లేకుంటె కొట్టం లేదు, కొట్టం లేనంక తోడు దేంట్ల పోస్త? అట్ల తిప్పి తిప్పి చూసుకోని, నేనే చాకు అడిగి లక్క తీసిన. ఆయన బొటనేలు గుర్తు నా చేతుల్నే పలిగింది.

పసుపు పచ్చగ ఉన్నయి నీళ్ళు. ఎనిమిది నెలలయినా. టీచరమ్మ దబ్బదబ్బ కొన్ని గిన్నెలకు తీసి మీట నొక్కింది. నీలిమందు గుట్ట పోయింది, వచ్చింది. దానెనక, ఇందాక దద్దురు ఉన్న కాడ, ఇప్పుడు పెద్ద గుట్ట. తెర పైన తగిలేటంత. అది పోయింది. ఎనుకకు రాలే.

టీచరమ్మ లేచి బీరువల నుంచి ఒక పొడి తెచ్చింది, నీళ్ళల్ల కలిపింది, ఒక్క సుక్క గిన్నెల ఏసి మళ్ళ నడిపిచ్చింది. గుట్ట అదే కాడ ఇంకా ఎత్తు పెరిగింది. "వేరే పదార్థం అయితే పక్కన ఇంకో గుట్ట లేచేది. దీని మీదే పెరిగిందంటే అదీ ఇదీ ఒకటే" అన్నది.

"ఏంది గది?"

"హైడ్రోస్ పాతబడితే మిగిలే ఉప్పు. హైడ్రోస్ తెలుసా మీకు? మిల్లుల్లో వాడతారు. గింజలు, పులియబెట్టడం ఏమీ అక్కర్లేదు. వేస్తే గంటలో నీళ్ళు పచ్చగా అవుతాయి. అది అయిపోగానే ఆగిపోతుంది. మళ్ళీ వెయ్యాలి."

"మా బానల మందు ఎయ్యరు. మాది గింజల బాన."

ఆమె ఇంకో డబ్బ మూత తీసి నా ముక్కు కాడికి తెచ్చింది. హైడ్రోస్. కాలిన అగ్గిపుల్ల అసొంటి వాసన, ముక్కుల గుచ్చే వాసన.

ఆ వాసన నాకెరుకనే. ముప్పై ఏండ్లు ఆయన అంగీలు ఉతికిన. రెండుసార్లు సబ్బు పెట్టినా పోయేది కాదు. ఏందయ్యా గీ వాసన అంటె, బాన వాసన, ఆడదానివి నీకేం తెలుసు అనేటోడు.

డబ్బ మూత నేనే పెట్టిన. పెట్టి అడిగిన, "గింజల నీళ్ళ సంగతేంది అమ్మా? నేను ఉడకవెట్టినయి?"

"పోసేవారేమో, పారబోసేవారేమో, నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ సంగతి నేను చెప్పలేను. ఈ సీసా నింపిన రోజు సంగతి మాత్రమే చెప్పగలను. ఆ రోజు బాన గింజల మీద బతికి లేదు." నా చెయ్యి పట్టుకోని మళ్ళ అన్నది. "మీ చేతిలో తప్పు లేదమ్మా. ఆయన చెప్పింది చెప్పినట్టు మీరు చేశారు. చెప్పిందే అబద్ధం."

కట్టెలు ఏరుకొచ్చిన ముప్పై చలికాలాలు గుర్తుకొచ్చినయి. పొగకు కండ్లు పోయినయి నావి. ఆ గడప ఎందుకు దాటొద్దన్నడో అప్పుడు సమజైంది. నా నీడకు బాన అలుగుతదని కాదు. డబ్బ కనవడతదని.

కాయిదం రెండు ముక్కలల్ల రాసింది. ఒకటి తెలుగుల, ఒకటి ఇంగ్లీషుల. ముద్ర గుద్దింది. ఎంత ఇయ్యాలె అమ్మా అంటె తల అడ్డంగ ఊపింది.

మూడో దినం: మళ్ళ ఫిల్మ్‌నగర్

ఖాదర్ భాయ్ కత్తెర పట్టుకోని ఉండె. నిలవడ్డ కాడ్నే అడిగిన. "భాయ్, మా ఆయన వచ్చినప్పుడల్లా బజార్ల ఏం కొనుక్కపోయేటోడు?"

"తెల్లడబ్బలు వదినా. బేగంబజార్ల. నేనే బస్సు మీదికి ఎక్కిచ్చేటోన్ని. ఎందుకు?"

"ఏందని చెప్పిండు?"

"మగ్గాలకు పట్టే పురుగుల మందు అన్నడు." నా మొఖం చూసి కత్తెర పక్కకు పెట్టిండు. "కాదా?"

శ్రావణి మేడం కాయిదం చదివింది. ఇంగ్లీషు ముక్క చదువుకుంట చదువుకుంట కుర్చీల కూలబడ్డది. "ఆంటీ, ఇది బయటికి రానివ్వకండి ప్లీజ్. మేకింగ్ వీడియోలో చెప్పేశాం, వందేళ్ళ బాన, జీవించే రంగు అని. ప్రొడ్యూసర్ నన్ను చంపేస్తారు." ఫోన్ల ఆ వీడియో చూపిచ్చింది.

నేను చూడకపోతె బాగుండు. మా ఆయన. మా కొట్టం ముందట, కొత్త తుండు భుజాన. నవ్వుకుంట చెప్తున్నడు: "బాన అంటె పసిపిల్ల లెక్క సార్. ఆడోళ్ళు తొంగి చూసినా అలుగుతది." పక్కపొంటి, గడప బయట, గిన్నె దించుతున్న ఆడదాని ఎనుకభాగం కనవడ్డది. అది నేను. నన్ను తీసినట్టు నాకు తెల్వనే తెల్వదు.

"ఇంకోసారి పెట్టు బిడ్డా" అన్న. పెట్టింది. ఎక్కడా ఆయన కన్ను తడబడలే. గట్టి అబద్ధం. కార్ఖానల రాయితోటి రుద్దిన చీరల కంటె నయంగ ఉన్నది, కెమెరా సుత పట్టలే.

"ఆంటీ, ఒక్క మాట" అన్నది శ్రావణి మేడం. "మీరు కూడా ఆ హైడ్రోసే వేసి గుడ్డ చేసివ్వండి. తెర మీద నీలం నీలమే కదా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు" అన్న. ఆ పిల్ల తప్పేమున్నది? మూడు దినాల్ల నాతోటి ఉన్నదున్నట్టు మాట్లాడింది ఆ గాజు గిన్నె ఒక్కటే.

ఊర్లె

బస్సు దిగినంక నర్సింహ ఇంటి ముందటే కూసోని ఉన్నడు. నేను ఎక్కడికి పోయిన్నో ఎవలో చెప్పిన్రు.

"ఏమన్నరు వదినా పట్నంల?"

"రేపు పెద్దమనుషుల ముందట చదివిస్త, విను."

నా సంచి దిక్కు చూసిండు. "హైడ్రోస్ అని తేలిందా?"

"నీకెరుకనా?"

"ఎరుకనే. అన్న భీవండి వచ్చినప్పుడు అక్కడి మిల్లుల చూసి నేర్సుకున్నడు. నాతోటే చెప్పిండు. నా పెండ్లి కాకముందటి ముచ్చట."

"నాకెందుకు చెప్పలే?"

"ఆడోళ్ళ నోట్ల మాట ఆగదని."

తమ్మునికి చెప్పిండు. కట్టుకున్నదానికి చెప్పలే. సచ్చేటప్పుడు సుత, దవాఖానల నాలుగు దినాలున్నడు, మాట మంచిగనే ఉండె, బానకు గింజల నీళ్ళు పొయ్యి సత్తెమ్మా మర్సిపోకు అన్నడు. నా మీద ఎంత నమ్మకమో, నేను ఎన్నటికీ కనిపెట్టనని.

"నీకు ఎరుకుండి నా మీదికి తోసినవ్" అన్న.

"నేనేం తొయ్యలే వదినా, ఊరన్నది, నేను ఊకున్న. ఇగ విను. రేపు నేనే చెప్త, చలికి బాన పోయింది, వదిన తప్పు లేదు అని. తాళం నీకే ఇప్పిస్త. ఇద్దరం కలిసి చేసుకుందం, మందు నేను తెస్త. కాయిదం మాత్రం మలిచి లోపల పెట్టు. అన్న పరువు నీ చేతిలున్నది."

కొట్టం దొరుకుతది. తప్పు లేదన్న మాట దొరుకుతది. నేను పట్నం పోయింది ఈ రెండింటికే. గా మాట పొద్దున దాక నా ముందు పెట్టుకోని చూసుకున్న. ఒప్పుకుంటె మళ్ళ గడప బయట గిన్నె పట్టుకోని నిలవడుడే, ఈసారి తెలిసి నిలవడుడు.

తెల్లారి కులం ఇంటి కాడ అందరు కూసున్నరు. రమతోటి కాయిదం చదివిచ్చిన. హైడ్రోస్ అన్న కాడ ఒక్కసారి ఆగి నా దిక్కు చూసింది. చదువు అన్న. ముద్ర దాక చదివింది. నర్సింహ లేచి పోయిండు. ఆడోళ్ళు కొందరు కొంగులు నోట్ల పెట్టుకున్నరు. ఒకామె అననే అన్నది, మొగడు సచ్చినంక గిట్ల బజార్ల పెడతదా ఎవతన్న అని. ఆమె సుత ఇరవై ఏండ్లు గింజలు ఉడకవెట్టిందే, వాళ్ళ బానకు.

పెద్దమనిషి రామచంద్రయ్య తన భుజం మీది నీలం రుమాలు చేతుల్లకు తీసుకున్నడు. మా ఆయన అద్దిందే. తిప్పి తిప్పి చూసిండు. "గిదంత మందేనా?" అన్నడు.

"రంగు మంచిదే పెద్దయ్యా" అన్న. "ముచ్చటే మంచిది కాదు."

ఆడదాని కాలుతోటి బాన పోలేదని ఒప్పుకున్నట్టా కాదా అంటె, ఒప్పుకున్నమని సుత నోటితోటి అనలే. మొలతాడుకు ఉన్న తాళంచెవి ఇప్పిండు. నేను చెయ్యి చాపిన. ముండమోసినదాని చేతికి నేరుగ ఇయ్యరు మా కాడ. అరుగు మీద పెట్టి, తాను రెండడుగులు ఎనుకకు జరిగిండు.

వంగి నేనే తీసుకున్న.